క్వార్టర్‌బ్యాక్ నుంచి కాలేజీ టీమ్‌కి అసలు కావాల్సింది ఏంటి?

ఆగస్టు వచ్చిందంటే చాలు, అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊళ్లన్నిటిలో ఒకటే చర్చ, ఈ ఏడాది మన క్వార్టర్‌బ్యాక్ ఎవరని. డాలస్‌లోనో కొలంబస్‌లోనో స్థిరపడ్డ మన తెలుగు కుటుంబాల్లో కూడా, పిల్లలు యూనివర్సిటీలో చేరాక, ఈ చర్చ ఇంట్లోకి వచ్చేస్తుంది. ఎవరో కుర్రాడు అరవై గజాల దూరం బంతి విసిరిన వీడియో ఒకటి చేతులు మారుతుంది, ఇంకేముంది, ఈసారి ఛాంపియన్‌షిప్ మనదే అనుకుంటారు. ఈ ఆటని ఇష్టంగా చూసేవాడిగా చెబుతున్నాను, ఆ వీడియోలో కనిపించేది టీమ్‌కి కావాల్సిన వాటిలో చాలా చిన్న భాగం.

టీమ్‌కి నిజంగా కావాల్సినవి రెండే, చిక్కేంటంటే ఆ రెండూ ఒకదానికొకటి పడవు. వారం వారం, ప్లే తర్వాత ప్లే (బంతి కదిలిన దగ్గర్నుంచి ఆగేదాకా ఒక ప్లే), చేతిలో ఉన్న అవకాశాన్ని పాడుచెయ్యకుండా ఉండటం ఒకటి. సీజన్ మొత్తంలో రెండు మూడు సార్లు మాత్రం, కోచ్ వేసిన ప్లాన్ చెదిరిపోయిన చోట, తెగించి తనే ఆటని లాక్కురావడం రెండోది. ఇరవై ఏళ్ల కుర్రాడిలో ఆ జాగ్రత్తా ఈ తెగింపూ రెండూ ఉండాలి, ఏది ఎప్పుడు వాడాలో కూడా అతనికి తెలియాలి.

ఆట కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకి పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు అవకాశాలు, వీటినే డౌన్లు అంటారు. ఓవర్‌లో బంతులు లెక్కపెట్టుకుని ఆడినట్టే ఇక్కడ డౌన్లు లెక్కపెట్టుకుని ఆడాలి. పది గజాలు దాటితే మళ్లీ నాలుగు వస్తాయి, దాటకపోతే బంతి అవతలి వాళ్లకి పోతుంది, అందుకే మూడో డౌన్‌లో కూడా దాటలేకపోతే చాలాసార్లు నాలుగో డౌన్‌లో బంతిని దూరంగా తన్నేసి వదులుకుంటారు. సెంటర్ అనే ఆటగాడు కాళ్ల మధ్య నుంచి బంతిని వెనక్కి ఇవ్వడం స్నాప్, దాన్ని అందుకునేవాడు క్వార్టర్‌బ్యాక్. దాదాపు ప్రతి ప్లేలోనూ బంతి ముందు అతని చేతికే వస్తుంది, అది ఎవరికి ఇవ్వాలో, ఎవరికి విసరాలో, తనే పరిగెత్తాలో తేల్చేదీ అతనే.

అసలు పని స్నాప్‌కి ముందే మొదలవుతుంది. ఒక ప్లే ముగియగానే తర్వాతిది మొదలెట్టడానికి 40 సెకన్ల గడియారం నడుస్తుంది. 2024 నుంచి పెద్ద కాలేజీల ఆటలో కోచ్ క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లోకి మాట్లాడొచ్చు, కానీ గడియారం 15 సెకన్లకి రాగానే ఆ మాట ఆగిపోతుంది. అంటే ఎదుటి జట్టు తన అసలు రంగు చూపించే ఆ చివరి సెకన్లలో కుర్రాడు ఒంటరి. అందరికంటే వెనక కాపలా కాసే సేఫ్టీలు ఇద్దరున్నారా, ఒకడే ఉన్నాడా? బంతికి దగ్గరగా ఎంతమంది గుమిగూడారు? ఏ మూల నుంచి ఎవడు మీదకి దూకేలా ఉన్నాడు? తనని కాపాడాల్సిన ఐదుగురిలో ఎవరు ఎవరిని ఆపాలి? ఇవన్నీ చూసుకుని, కావాలంటే కోచ్ చెప్పిన ప్లే మార్చి, ఆ మార్పు పదిమందికీ అర్థమయ్యేలా చెప్పాలి. మిషిగన్ స్టేడియంలో 1,07,601 సీట్లు. బయటి ఊరి నుంచి ఆడటానికి వచ్చిన టీమ్‌కి అక్కడ పక్కవాడు చెప్పింది కూడా వినపడదు, చేతి సైగలతోనే నడవాలి. ఇలాంటి చోట గడియారం అయిపోక ముందే పదిమందినీ సరైన చోట నిలబెట్టి స్నాప్ తీసుకోవడం అనేది టీవీలో ఎవరూ పొగడని పని, కానీ ఇది చేతకాని క్వార్టర్‌బ్యాక్‌తో ఏ కోచ్ కూడా నిద్రపోలేడు.

స్నాప్ తర్వాత ఏం జరుగుతుందో దగ్గరగా చూద్దాం. కాలేజీ ఆటలో ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపించే ఆర్‌పీవో తీసుకోండి, అంటే పరుగో పాసో అప్పటికప్పుడు తేల్చుకునే ప్లే. బంతి అందుకోగానే క్వార్టర్‌బ్యాక్ దాన్ని పక్కనున్న రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరిగెత్తేవాడి, పొట్ట దగ్గర పెడతాడు, కానీ వదలడు. అతని కళ్లు బంతి మీద ఉండవు, ఎదుటి జట్టు ముందు వరస వెనక నిలబడే ఒకే ఒక్క లైన్‌బ్యాకర్ మీద ఉంటాయి. ఆ లైన్‌బ్యాకర్ పరుగు ఆపుదామని రెండడుగులు ముందుకి వేశాడా, బంతి వెనక్కి లాగేసి, వాడు ఖాళీ చేసిన చోటికి ఏటవాలుగా దూసుకొచ్చే రిసీవర్‌కి, అంటే పాస్ పట్టుకునేవాడికి, విసరాలి. కదలకుండా నిలబడ్డాడా, బంతి రన్నింగ్ బ్యాక్‌కి వదిలెయ్యాలి. ఇదంతా ఒక సెకను, మహా అయితే సెకనున్నర. ఈలోపు ఆఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురూ, అతన్ని కాపాడాల్సినవాళ్లే, ఇది పరుగే అన్నట్టు ముందుకి నెట్టుకుపోతుంటారు. పాస్ వేసే ప్లేలో వాళ్లు కాలేజీ రూల్ ప్రకారం మూడు గజాల దాకా ముందుకి పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్క గజమే, ఈ ప్లే కాలేజీలో ఇంతగా పాతుకుపోవడానికి ఆ రెండు గజాల తేడా పెద్ద కారణం. క్వార్టర్‌బ్యాక్ తటపటాయిస్తే లైన్‌మన్ ఆ మూడు గజాలూ దాటేస్తాడు, ఫౌల్ అని రిఫరీ జెండా పడుతుంది. మైకులో లైన్‌మన్ నంబరు చదువుతారు గానీ ఆలస్యం క్వార్టర్‌బ్యాక్‌దే.

గమనించండి, ఈ ప్లేలో విసరాల్సిన దూరం ఆరేడు గజాలు. బలంతో పని లేదు. కావాల్సింది చూసింది చూసినట్టు నమ్మి, మళ్లీ ఆలోచించకుండా చేసేయడం.

ఇక పాడుచెయ్యకపోవడం అంటే ఏంటో. రెండో డౌన్, ఇంకా ఎనిమిది గజాలు కావాలి అనుకోండి. విసరడానికి ఎవరూ ఖాళీగా లేరు, ముగ్గురు మీదకి వస్తున్నారు. క్వార్టర్‌బ్యాక్ పక్కకి పరిగెత్తి, బంతిని రిసీవర్లకి అందనంత దూరంగా గీత బయటకి విసిరేస్తే మూడో డౌన్‌లో అవే ఎనిమిది గజాలు ఉంటాయి, కోచ్ దగ్గర దానికి ప్లేలు బోలెడు. అలా కాకుండా ఏదో ఒకటి చేద్దామని బంతి పట్టుకుని వెనక్కి వెనక్కి తిరిగి తొమ్మిది గజాల వెనక దొరికిపోతే, దీన్నే శాక్ అంటారు, ఇప్పుడు పదిహేడు గజాలు కావాలి. పదిహేడు గజాలకి ఎవరి ప్లేబుక్‌లోనూ పెద్దగా ఏమీ ఉండదు. ఏదో చిన్న పరుగు వేసి బంతి తన్నేసుకోవడమే. స్టేడియంలో జనం బంతి బయటకి విసిరేసినప్పుడు ఉసూరుమంటారు, నిజానికి అక్కడ చప్పట్లు కొట్టాలి. బయటకి విసరడానికి కూడా రూల్ ఉంది, లైన్‌లో చివరి ఇద్దరు ట్యాకిల్స్ నిలబడ్డ పరిధి దాటి బయటికొచ్చి ఉండాలి, బంతి కనీసం ప్లే మొదలైన గీత దాకా చేరాలి, లేకపోతే డౌన్ పోతుంది, గజాలూ పోతాయి. కాబట్టి అదీ నేర్చుకోవాల్సిన విద్యే.

ఇక్కడే ఇంకో సంగతి, స్కోరు పట్టికలు చదివేవాళ్లకి పనికొస్తుంది. కాలేజీ లెక్కల్లో శాక్‌లో పోయిన గజాల్ని క్వార్టర్‌బ్యాక్ పరుగుల గజాల్లోంచి తీసేస్తారు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా చెయ్యరు. అరవై గజాలు పరిగెత్తి, ముప్పై గజాలు శాకుల్లో పోగొట్టిన కుర్రాడి పేరు పక్కన ముప్పై అని కనిపిస్తుంది. అది చూసి పరుగు రాదనుకుంటే పొరపాటు.

ఈ మొదటి గుణం ఎంత విలువైందో 2023 మిషిగన్ టీమ్ చూపించింది. ఆ నవంబర్‌లో పెన్ స్టేట్ మైదానంలో, లక్షమందికి పైగా జనం అరుస్తుంటే, మిషిగన్ 24-15తో గెలిచింది. క్వార్టర్‌బ్యాక్ జేజే మెకార్తీ ఆ రోజు మొత్తం విసిరింది ఎనిమిది సార్లు, రెండో సగంలో లెక్కకొచ్చిన పాస్ ఒక్కటి కూడా లేదు. లైన్ బలంగా ఉంది, బ్లేక్ కోరమ్ పరిగెడుతున్నాడు, డిఫెన్స్ ఆపుతోంది, ఇంక విసరాల్సిన అవసరమేంటి? తర్వాత మొదటి రౌండ్‌లోనే ఎన్‌ఎఫ్‌ఎల్‌కి ఎంపికైన కుర్రాడు ఆ రోజు బంతి పక్కవాడికి అందించి గమ్మున పక్కకి తప్పుకున్నాడు. నా దృష్టిలో ఆ ఏడాది అతని గొప్ప ఆటల్లో అదొకటి, ఎందుకంటే అహం అడ్డొస్తే పాడయ్యేది సరిగ్గా అలాంటి రోజే.

అక్కడితో ఆగితే సగం కథే. 2024 జనవరి 1న రోజ్ బౌల్‌లో, అది ఆ ఏడాది ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్, అదే మిషిగన్ అలబామాతో ఆడుతూ, ఐదు నిమిషాలు కూడా మిగలని టైమ్‌లో 20-13తో వెనకబడి ఉంది. ఆ రోజు మెకార్తీ మొట్టమొదటి పాసే అవతలివాడి చేతుల్లో పడింది, పట్టుకున్నవాడి కాలు గీత బయట పడి ఉండటంతో బతికిపోయారు. ఆట చివర్లో సొంత సగంలోనే నాలుగో డౌన్, రెండు గజాలు కావాలి, తప్పితే సీజన్ అయిపోయినట్టే. మెకార్తీ కోరమ్‌కి చిన్న పాస్ వేశాడు, మొదటి డౌన్ దొరికింది, కాసేపటికి రోమన్ విల్సన్‌కి టచ్‌డౌన్ పాస్, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించే పాస్, స్కోరు సమం, ఓవర్‌టైమ్‌లో 27-20. వారం తర్వాత వాషింగ్టన్ మీద 34-13తో ఛాంపియన్‌షిప్ గెలిచినప్పుడు అతను విసిరిన పద్ధెనిమిదిలో పది మాత్రమే అందాయి, 140 గజాలు. ఆ అంకె చూసి సాధారణ ఆటగాడు అనేవాళ్లతో నేను ఒప్పుకోను. టీమ్ అడిగినంత ఇచ్చాడు, అడిగిన చోట ఇచ్చాడు.

జార్జియాలో స్టెట్సన్ బెన్నెట్ కథ దీనికి అవతలి కొస నుంచి వచ్చింది. స్కాలర్‌షిప్ లేకుండా టీమ్‌లో చేరి, ప్రాక్టీసులో ఎదుటి జట్టు క్వార్టర్‌బ్యాక్‌లా నటించే పనికి మాత్రమే వాడిన కుర్రాడు. వదిలేసి మిసిసిపీలో ఒక జూనియర్ కాలేజీకి పోయి, మళ్లీ తిరిగొచ్చాడు. 2021లో మొదటి ఆటకి కూడా అతను రెండోవాడే, జేటీ డేనియల్స్‌కి దెబ్బ తగిలాక అవకాశం వచ్చింది. ఆ సీజన్‌లో జార్జియా డిఫెన్స్ కాలేజీ ఆటలో చాలా ఏళ్లలో చూసిన గొప్ప డిఫెన్సుల్లో ఒకటి, అందుకని బెన్నెట్ ఏం పాడుచెయ్యకుండా ఉంటే చాలని అందరూ అనేవాళ్లు. 2022 జనవరి 10న ఇండియానాపోలిస్‌లో అలబామాతో ఫైనల్. నాలుగో క్వార్టర్‌లో, ఒక్క పాయింటు ముందున్నప్పుడు, సరిగ్గా ఆ పాడుచెయ్యకూడనిదే పాడుచేశాడు. దొరికిపోతూ బంతి వదిలెయ్యబోతే అది ఫంబుల్ అయి, అంటే చేజారి, అలబామాకి పోయింది, కాసేపట్లో జార్జియా 18-13తో వెనకబడింది. చాలామంది కుర్రాళ్లు అక్కడ బిగుసుకుపోతారు, ఆ తర్వాత ప్రతి బంతికీ చెయ్యి వణుకుతుంది. బెన్నెట్ వెంటనే తర్వాతి అవకాశంలోనే ఆడోనై మిచెల్‌కి 40 గజాల టచ్‌డౌన్ వేశాడు, ఆ తర్వాత బ్రాక్ బవర్స్‌కి ఇంకొకటి. జార్జియా 33-18తో గెలిచింది, 1980 తర్వాత వాళ్లకి అదే మొదటి ఛాంపియన్‌షిప్. మరుసటి ఏడాది ఫైనల్‌లో టీసీయూ మీద 65-7, అప్పుడూ అతనే.

తప్పు చేశాక తర్వాతి ప్లేలో ఎలా ఉంటాడన్నది ఏ వీడియోలోనూ తెలియదు. రిక్రూట్ చేసేటప్పుడు కోచ్‌లు హైస్కూల్ కుర్రాడి ఓడిపోయిన ఆటలు కూడా చూడటం ఇందుకే మంచిది.

ఒహాయో స్టేట్ విల్ హోవర్డ్‌ని తీసుకోండి. క్యాన్సస్ స్టేట్ నుంచి మారి వచ్చాడు. 2024 అక్టోబర్‌లో ఆరెగన్‌లో 32-31తో వెనకబడి, ఆరు సెకన్లు మిగిలి ఉండగా, బంతి పట్టుకుని పరిగెత్తి జారి కూర్చునేసరికి గడియారం సున్నాకి వచ్చేసింది, బంతిని గోల్‌పోస్టుల మధ్యకి తన్ని ఫీల్డ్ గోల్ కొట్టే అవకాశమే పోయింది. నవంబర్‌లో సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10 ఓటమి, అందులో అతని ఇంటర్‌సెప్షన్లు, అంటే అవతలివాళ్ల చేతుల్లో పడ్డ పాసులు, రెండు. కొలంబస్‌లో మిషిగన్ చేతిలో ఓడిపోవడం అంటే మామూలు సంగతి కాదు, ఆ వారం అతన్ని అనని మాట లేదు. జనవరి 20న అట్లాంటాలో నోటర్ డామ్‌తో ఫైనల్‌లో మొదటి పదమూడు పాసులూ వరసగా అందించాడు. 31-7 ఉన్న స్కోరు 31-23కి వచ్చి అందరికీ టెన్షన్ పట్టుకున్నప్పుడు, మూడో డౌన్, పదకొండు గజాలు కావాల్సిన చోట, జెరెమయా స్మిత్‌కి 56 గజాల పాస్ వేశాడు. అక్కడ పరుగు వేసి గడియారం తినేయడం సురక్షితమైన దారి. కోచ్ విసరమన్నాడు, కుర్రాడు విసిరాడు. ఆరెగన్‌లో గడియారం మర్చిపోయినవాడి చేతికి ఫైనల్‌లో ఆ బంతి ఇచ్చారంటే, మధ్యలో ఆ మూడు నెలల్లో ప్రాక్టీసులో అతను కోచ్‌లకి ఏం చూపించి ఉంటాడో ఊహించుకోవచ్చు.

చెయ్యి బలం గురించి కూడా న్యాయంగా చెప్పాలి. కాలేజీ మైదానంలో బంతి పెట్టే అడ్డగీతలు, హాష్ మార్కులంటారు, వాటి మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. దాంతో కాలేజీలో మైదానం ఒక పక్క ఇరుగ్గా, ఇంకో పక్క బాగా వెడల్పుగా మిగులుతుంది. ఎడమ హాష్ నుంచి కుడి వైపు గీత 100 అడుగుల దూరం. స్కోరులో పది గజాల పాస్ అని రాసేది, అటువైపు గీత దగ్గరకి విసిరితే, గాల్లో దాదాపు 35 గజాలు పోవాలి. అది మెల్లగా పోతే మధ్యలో అవతలివాడు లాక్కుని ఖాళీ మైదానంలో టచ్‌డౌన్‌కి పరిగెడతాడు. ఆ పాస్ వెయ్యలేని క్వార్టర్‌బ్యాక్ ఉంటే ఎదుటి డిఫెన్స్ ఆ వెడల్పు వైపు వదిలేసి మిగతా చోట కిక్కిరిసిపోతుంది. కాబట్టి బలం కావాలి, అయితే ఈ ఒక్క పాస్ వెయ్యగలిగేంత ఉంటే చాలావరకు సరిపోతుంది, అరవై గజాల బలం సీజన్‌లో ఎన్నిసార్లు అవసరపడుతుందో లెక్కపెట్టి చూడండి.

కాలేజీలో దీన్నంతా నేర్పడానికి టైమ్ ఎక్కడుంది? సీజన్‌లో వారానికి 20 గంటలకి మించి ప్రాక్టీసు చేయించకూడదని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూలు, వసంతంలో 15 ప్రాక్టీసులు. ఇంకా చదువు ఉంది. అందుకే మంచి కాలేజీ కోచ్ మొత్తం ప్లేబుక్‌ని కుర్రాడి మీద రుద్దకుండా, అతను కళ్లు మూసుకుని చెయ్యగలిగినవి ఏవో చూసుకుని వాటి చుట్టూ ఆట కడతాడు. జో బరో ఉదాహరణ ఎప్పుడూ చెబుతుంటాను. ఒహాయో స్టేట్‌లో చోటు దొరక్క ఎల్‌ఎస్‌యూకి (లూసియానా స్టేట్) వచ్చాడు, 2018లో అక్కడ 16 టచ్‌డౌన్ పాసులు, వేసిన పాసుల్లో అందినవి 57.8 శాతం. మరుసటి ఏడాది అదే మనిషి 60 టచ్‌డౌన్లు, 5,671 గజాలు, 76.3 శాతం, టీమ్ పదిహేనుకి పదిహేనూ గెలిచింది. ఒక్క ఏడాదిలో చెయ్యి మారదు. కోచ్ జో బ్రేడీ వచ్చి ఐదుగురు రిసీవర్లని మైదానమంతా పరిచే ఆట తెచ్చాడు, జమార్ చేజ్, జస్టిన్ జెఫర్సన్ లాంటివాళ్లు ఎదిగి చేతికొచ్చారు, ముందున్న లైన్ దేశంలోనే ఉత్తమమైందిగా అవార్డు తెచ్చుకుంది. స్నాప్‌కి ముందు చూసి తేల్చుకోవడంలో బరోకున్న పదునుకి అప్పుడు పని దొరికింది. క్వార్టర్‌బ్యాక్ బాగాలేడు అని తిట్టే ముందు అతని ముందు ఐదుగురు ఎలా ఆడుతున్నారో ఒక పది ప్లేలు చూడమని నేను అనేది అందుకే.

ఇప్పుడు దీనికి కొత్త చిక్కు తోడైంది. 2018 అక్టోబర్‌లో, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు, అదే ఏడాది నుంచి ఒకసారి కాలేజీ మారితే ఏడాది కూర్చోవాల్సిన పనీ లేదు. దాంతో జనవరిలో కొత్త ఊరికి వచ్చిన కుర్రాడు సెప్టెంబర్‌కల్లా తనకంటే మూడేళ్ల ముందు నుంచి అక్కడ చెమటోడుస్తున్న లైన్‌మన్ల నమ్మకం సంపాదించాలి. తన కంటే ఎక్కువ డబ్బు ఎవరికి ఇస్తున్నారో అందరికీ తెలిసిన గదిలో ఇది తేలిక కాదు. దీనికి ఉపన్యాసాలు పనికిరావు. వేసవిలో పొద్దున్నే అందరికంటే ముందు వచ్చాడా, రిసీవర్ పొరపాటున తప్పు దారిలో పరిగెత్తి ఇంటర్‌సెప్షన్ అయితే కెమెరాల ముందు వాడి పేరు ఎత్తాడా లేదా, లైన్‌మన్లు ఇలాంటివే గమనిస్తారు.

పోర్టల్ వల్ల ఎక్కువ నష్టపోయింది మాత్రం రెండో, మూడో క్వార్టర్‌బ్యాక్‌ల వ్యవస్థ. 2014లో ఒహాయో స్టేట్‌కి సీజన్ మొదలవక ముందే బ్రాక్స్‌టన్ మిల్లర్ భుజం పోయింది, మిషిగన్ ఆటలో జేటీ బ్యారెట్ చీలమండ విరిగింది, మూడోవాడైన కార్డేల్ జోన్స్ మొదటి నుంచి దిగిన తన మొట్టమొదటి ఆటగా కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసిన లీగ్) ఫైనల్ ఆడి విస్కాన్సిన్ మీద 59-0 గెలిపించాడు, తర్వాత అలబామాని, ఆరెగన్‌ని ఓడించి ఛాంపియన్‌షిప్ తెచ్చాడు. ఇప్పుడైతే అలాంటి మూడోవాడు డిసెంబర్ దాకా బెంచీ మీద ఉండే అవకాశం తక్కువ.

అలబామాలో జేలెన్ హర్ట్స్ చేసింది ఇంకా కష్టమైనది. 2018 జనవరిలో జార్జియాతో ఫైనల్‌లో సగం ఆటకి 13-0 వెనకబడగానే, స్టార్టర్‌గా 25 గెలిచి రెండే ఓడిన అతన్ని కోచ్ నిక్ సేబన్ కూర్చోబెట్టి, మొదటి ఏడాది కుర్రాడు టువా టాగొవైలోవాని దింపాడు. ఓవర్‌టైమ్‌లో టువా మొదట 16 గజాల శాక్ తిన్నాడు, నేను పైన చెప్పిన అన్ని జాగ్రత్తలకీ విరుద్ధంగా, వెంటనే 41 గజాల టచ్‌డౌన్ వేసి గెలిపించాడు. హర్ట్స్ అప్పుడే వెళ్లిపోవచ్చు, కానీ ఉండిపోయాడు. ఆ డిసెంబర్‌లో మళ్లీ జార్జియాతోనే కాన్ఫరెన్స్ ఫైనల్, టువాకి దెబ్బ తగిలింది, వెనకబడిన టీమ్‌ని హర్ట్స్ వచ్చి 35-28తో గెలిపించి, సీజన్ ముగిశాక ఓక్లహోమాకి మారాడు. మొదటి క్వార్టర్‌బ్యాక్ ఎవరన్న చర్చలో మునిగిపోయే టీములు, ఏడాదంతా ఆడకపోయినా మంగళవారం ప్రాక్టీసుకి స్టార్టర్‌లాగే సిద్ధమై వచ్చే రెండోవాడి కోసం కూడా అంతే డబ్బు, అంతే శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే డిసెంబర్‌లో ఏ ప్లే తర్వాత బంతి అతని చేతికి వస్తుందో ఎవరూ చెప్పలేరు.